రాజనీతి విద్యార్థికి రెండో భాష ఎందుకు?



ఈ సావనీరుకు విద్యార్థులకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాసిమ్మని మీ సంఘం కార్యదర్శి అడిగినప్పుడు ముందు కాదందామనుకున్నాను. సావనీర్లలో పెద్దలు రాసే హితవాక్యాలు ఎవరూ చదవరని నాకు తెలుసు. నా రోజుల్లో నేనూ చదవలేదు. ఫోటోలు చూసి మూసేసేవాణ్ణి. అయితే నేను చదువుకుంటున్న కాలంలో ఎవరైనా చెప్పివుంటే బాగుండేదనిపించే సంగతి ఒకటుంది. అదే ఇక్కడ రాస్తున్నాను. రాజనీతి శాస్త్రం చదివేవాడు దాంతో పాటు ఒక ఆధునిక భాషను, పరీక్ష గట్టెక్కడానికి కాక, నిజంగా నేర్చుకోవాలి. ఎందుకో చెప్పాలంటే మా వూరి చావిడి దగ్గర మొదలుపెట్టాలి.

1. చావిడి గోడ మీది కాగితం

మాది గిద్దలూరు వైపు చిన్న పల్లె. 1980ల మొదట్లో నేను బి.ఏ. రెండో సంవత్సరంలో వుండగా మా వూరి మీదుగా రోడ్డు వేయడానికి భూములు తీసుకుంటున్నామని చావిడి గోడకు ఒక నోటీసు అంటించారు. నోటీసు తెలుగులోనే వుంది. మా నాయన అయిదో తరగతి దాకా పలక పట్టినవాడు. మార్కాపురం పలకల దేశంలో పుట్టి చదువు రాదనిపించుకోకూడదని పట్టుదలగా పేపరు చదివేవాడు. ఆయన ఆ నోటీసు ముందు నిలబడి మొత్తం చదివాడు. ఈ భూములందు "ఆసక్తి గల వ్యక్తులు" ముప్పయి రోజుల లోపల తమ అభ్యంతరాలు రాసి ఇచ్చుకోవాలని అందులో వుంది.

నాయన ఇంటికొచ్చి మా అమ్మతో అన్న మాట ఇది: "ఆసక్తి వుండేవాళ్ళు రమ్మన్నారు. భూమి ఇయ్యడానికి మనకేం ఆసక్తి వుంది? మనమెందుకు పోవాల?"

పోలేదు. ముప్పయి రోజులు గడిచిపోయాయి. రోడ్డు మా బావి పక్క చెక్కలోంచి పోయింది. అవతల బీడు వుంది, రోడ్డును అటు తిప్పండని అడగడానికి అవకాశం వుండేది. అడిగితే ఒప్పుకునేవారని నేననను. అడగలేదన్నదే మా బాధ.

నేను దసరా సెలవులకు వచ్చేసరికి రాళ్ళు పాతేశారు. ఆ ఏడే రాజనీతి శాస్త్రంలో "పౌరుని హక్కులు" అనే అధ్యాయం మీద నాకు క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. నోటీసు నేనూ చదివాను. నాకూ అర్థం కాలేదు. కాలేజీకి తిరిగి వెళ్ళాక మా ఇంగ్లీషు మాస్టారికి చూపిస్తే ఆయన నవ్వలేదు. "దీని వెనక ఇంగ్లీషు మాట వుంది చూడు" అన్నారు. 1894 నాటి భూసేకరణ చట్టంలో "పర్సన్ ఇంటరెస్టెడ్" అనే మాట వుంది. ఇంగ్లీషులో "ఇంటరెస్ట్" అంటే ఇష్టం. వడ్డీకీ అదే మాట. ఆస్తిలో వాటా, హక్కు, సంబంధం అన్నా అదే మాట. చట్టం చెప్పేది మూడో అర్థం. తర్జుమా చేసిన గుమాస్తా ఎవరో పాపం, మొదటి అర్థం పట్టుకున్నాడు. మా నాయన అచ్చంగా "పర్సన్ ఇంటరెస్టెడ్" అయివుండి, ఆసక్తి లేదు కాబట్టి ఇంట్లో కూచున్నాడు.

ఆ చట్టం పోయింది. 2013లో కొత్త చట్టం చేశారు, 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అభ్యంతరం చెప్పుకోవడానికి ఇప్పుడు అరవై రోజుల గడువు. గడువు రెట్టింపయింది, సంతోషం. కాని మాట అర్థం కానివాడికి ముప్పయి రోజులైనా అరవై రోజులైనా ఒకటే.

2. రెండు గదులు

మా రోజుల్లో బి.ఏ. అంటే మూడు భాగాలు. మొదటి భాగం ఇంగ్లీషు, రెండో భాగం తెలుగో హిందీయో సంస్కృతమో ఉర్దూవో ఒక భాష, మూడో భాగం చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి. ఇంగ్లీషు క్లాసులో పద్యాలు, నాటకాలు. రాజనీతి క్లాసులో సార్వభౌమాధికారం, అధికార పృథక్కరణ. ఈ గదికీ ఆ గదికీ సంబంధం వుందని మాకెవరూ చెప్పలేదు. భాషలో పాసు మార్కులొస్తే చాలుననుకునేవాళ్ళం.

తెలుగు మాధ్యమం మీద నాకు చిన్నచూపు లేదు సుమా. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి డిగ్రీ పుస్తకాలు తెలుగులో తెచ్చింది కాబట్టే నాలాంటి మెట్టప్రాంతపు పిల్లలు కాలేజీ గడప దాటి నిలబడగలిగారు. లోపం పుస్తకాలది కాదు, మేము చదివిన తీరుది. "సార్వభౌమాధికారం" అని బట్టీ పట్టాం. ఆ మాట ఏ మాటకు బదులుగా వచ్చింది, ఆ మాట పుట్టినచోట దానికి ఏ అర్థం వుండేది అని అడగలేదు.

ఇంకో సంగతి. ప్రభుత్వం తెలుగులో రాస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయని మనం అనుకుంటాం. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం వచ్చింది, వావిలాల గోపాలకృష్ణయ్య గారు దానికి తొలి అధ్యక్షులు. ఆ కృషి గొప్పది, ఇంకా జరగవలసిందీ వుంది. కాని మా వూరి నోటీసు తెలుగులోనే వుంది గదా! తెలుగు అక్షరాల్లో వున్నంత మాత్రాన అది తెలుగు కాలేదు. ఇంగ్లీషు బాగా తెలిసి, తెలుగు అంతకన్నా బాగా తెలిసి, చట్టం సంగతి కూడా తెలిసిన మనిషి ఒకడు ఆ కచేరీలో వుండివుంటే "ఈ భూముల్లో హక్కుగానీ వాటాగానీ వున్నవాళ్ళు" అని రాసేవాడు. అలాంటి మనిషిని తయారుచేయడమే మన డిగ్రీ చేయవలసిన పని.

3. మన తాలూకాలను ఏలిన భాషలు

మన ప్రాంతం చరిత్ర చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. కంభం సీమను 1800లో నిజాం మిగతా దత్తమండలాలతో పాటు ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. మొదట కడప జిల్లాలో వుంది. 1858లో కర్నూలులో కలిసింది. 1970 ఫిబ్రవరిలో మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచీ, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచీ వచ్చి, గుంటూరు నుంచి వచ్చిన భాగాలతో కలిసి ఒంగోలు జిల్లా అయింది. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఇన్ని చేతులు మారిన నేల మనది. ప్రతి చేయీ కొన్ని మాటలు వదిలిపోయింది.

జిల్లా, తహశీల్దారు, జమాబందీ, ఫసలీ, దరఖాస్తు, ఫిర్యాదు, వకీలు, జప్తు, మంజూరు, బకాయి, హాజరు, రాజీనామా. ఇవన్నీ అరబ్బీ పారసీల నుంచి వచ్చినవి. ఆఖరికి "హక్కు" కూడా అరబ్బీ మాటే! మనం రోజూ పోరాడేది అరబ్బీ మాట కోసం. పొలం లెక్క రాసే "అడంగల్" అరవం నుంచి వచ్చింది. మా నాయనకు జమాబందీ అంటే తెలుసు, బకాయి అంటే మరీ బాగా తెలుసు. "ఆసక్తి గల వ్యక్తులు" మాత్రం తెలియలేదు. కాబట్టి మాట పరాయిదైతే చిక్కు కాదు. జనం నోట్లో నలగని మాటతోనే చిక్కు.

ఇక మన ప్రాంతంలో అందరి ఇంటి భాషా తెలుగు కాదు. కంభం, మార్కాపురం బజార్లలో ఉర్దూ వినిపిస్తుంది. ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు తండాల్లో లంబాడీ మాట్లాడతారు. ఆ పిల్లలకు బడిలో తెలుగే రెండో భాష. రాజ్యాంగం 350-ఎ అధికరణం మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించమంటుంది. ఆ అధికరణం మీద పది మార్కుల ప్రశ్నకు జవాబు రాసిన మనం, తండా నుంచి వచ్చి పక్క బెంచీలో కూచున్నవాణ్ణి "నువ్వు తెలుగు ఎట్లా నేర్చుకున్నావు?" అని అడిగామా?

4. ఏలినవాళ్ళు నేర్చుకున్నారు

రాజనీతిని భాషతో కలిపి చదవడం కొత్త ఆలోచన కాదు. మనల్ని ఏలడానికి వచ్చినవాళ్ళు అదే చేశారు. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టి, ఉద్యోగాలకొచ్చిన ఇంగ్లీషు కుర్రాళ్ళకు దేశభాషలు నేర్పి పరీక్షలు పెట్టారు. ఆ కాలేజీలో తెలుగు నేర్చుకున్న సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. మన కంభం సీమ అప్పుడు ఆ జిల్లాలోదే. బ్రౌన్ తెలుగు పద్యాలను కాపాడిన సంగతి అందరికీ తెలుసు. రాజనీతి విద్యార్థి గుర్తుంచుకోవలసిన పుస్తకం ఆయనది ఇంకొకటుంది. 1852లో వచ్చిన జిల్లా నిఘంటువు. కచేరీల్లో వాడే పారసీ, హిందుస్తానీ వగైరా మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం అది. రైతు ఇచ్చిన అర్జీ అర్థం కాకపోతే శిస్తు వసూలు కాదని కంపెనీకి తెలుసు.

స్వతంత్రం వచ్చాక కూడా ఈ పద్ధతి పోలేదు. ఐ.ఏ.ఎస్. అధికారి తనకిచ్చిన రాష్ట్రపు భాష నేర్చుకోవాలి. విదేశాంగ సర్వీసులో చేరినవాళ్ళు ఒక విదేశీ భాష తప్పనిసరిగా నేర్చుకోవాలి. అంటే పై మెట్టున వున్నవాళ్ళు ఎప్పుడూ రాజ్యాన్నీ భాషనూ కలిపే చదువుతున్నారు. విడివిడిగా చదివి నష్టపోతున్నది మనమే.

మనవాళ్ళలోనూ కలిపి చదివినవాళ్ళున్నారు. ప్రకాశం పంతులుగారు 1921లో మొదలుపెట్టిన "స్వరాజ్య" పత్రికను ఇంగ్లీషు, తెలుగు, తమిళం మూడింటిలోనూ నడిపారు. మద్రాసులో రాజకీయం చేయాలంటే మూడు భాషలూ కావాలని ఆయన లెక్క. తెలుగు అకాడమీకి తొలి అధ్యక్షులైన పి.వి. నరసింహారావుగారు విశ్వనాథ "వేయిపడగలు" నవలను "సహస్రఫణ్" పేరుతో హిందీలోకి తెచ్చారు, స్పానిష్ కూడా నేర్చుకున్నారు. వీరి రాజకీయాలతో మీరు ఏకీభవించండి, మానండి. భాష విషయంలో మాత్రం పాఠం తీసుకోవచ్చు.

5. మోసం చేసే మాటలు

హిందీ మనకు సగం తెలిసినట్టే వుంటుంది. అందులోనే వుంది ప్రమాదం. మనకు "రాష్ట్రం" అంటే ఆంధ్రప్రదేశ్. హిందీలో "రాష్ట్ర్" అంటే దేశం, జాతి. మన రాష్ట్రాన్ని వాళ్ళు "రాజ్య" అంటారు. మనం మాత్రం "రాజ్యం" అంటే ఇంగ్లీషులో స్టేట్ అనే మొత్తం వ్యవస్థ అని పుస్తకాల్లో చదువుతాం. అందుకే మా వూళ్ళో ఒక పెద్దాయన "రాష్ట్రపతి అంటే మన రాష్ట్రానికి పెద్ద గదా, ఢిల్లీలో ఎందుకుంటాడు?" అని అడిగాడు. ఆయన ప్రశ్న తెలివితక్కువది కాదు. మాటను నమ్ముకుని అడిగిన ప్రశ్న. "శిక్షా" అంటే అక్కడ చదువు, ఇక్కడ దండన. "సర్వశిక్షా అభియాన్" బోర్డు బడి గోడ మీద కనిపించిన కొత్తలో పిల్లలు దాన్ని చదివి ఎంత నవ్వుకున్నారో ఉపాధ్యాయులుగా వున్న మన పూర్వ విద్యార్థులు చెబుతారు. "అవసర్" అక్కడ అవకాశం, ఇక్కడ అవసరం.

1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలో చేరిన "సెక్యులర్" అనే మాట చూడండి. తెలుగులో "లౌకిక" అన్నాం. మా అమ్మకు లౌకికం అంటే నలుగురితో మెలగడం తెలియడం, లౌక్యం. హిందీలో మామూలుగా "ధర్మనిరపేక్ష్" అంటారు, రాజ్యాంగపు హిందీ పాఠంలో మాత్రం "పంథ్‌నిరపేక్ష్" అని వుంది. ధర్మం వేరు, పంథా వేరు గదా! ఆ ఒక్క మాట ఎంపికలోనే పెద్ద రాజకీయ చర్చ దాగివుంది. ఒక్క భాషలో చదివినవాడికి ఆ చర్చ వున్నట్టే తెలియదు.

6. సాయంత్రం క్లాసు

ఎం.ఏ.కు హైదరాబాదు వెళ్ళినప్పుడు సాయంత్రం పూట ఫ్రెంచి క్లాసులో చేరాను. చేరింది గొప్ప ఆలోచనతో కాదు. హాస్టలు మిత్రుడు చేరాడు, నేనూ చేరాను. మొదటి ఆరు నెలలూ "అయ్యా, స్టేషను ఎక్కడ?" అని అడగడమే సరిపోయింది. గొంతులోంచి పలకవలసిన వాళ్ళ "ర" మన నాలుకకు లొంగదు. క్లాసంతా నన్ను చూసి నవ్వేది.

కాని ఒకరోజు బంధువుల పేర్ల పాఠం వచ్చింది. "ఫ్రేర్" అంటే అన్నదమ్ముడు. ఫ్రెంచి విప్లవం నినాదంలో మూడో మాట "ఫ్రాతెర్నితే" కూడా ఆ అన్నదమ్ముల కుదురు మాటేనని మేడమ్ చెప్పారు. నేను బి.ఏ.లో "సౌభ్రాతృత్వం" అని ఒత్తులు తప్పకుండా రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అది అన్నదమ్ముల వరస అని నాకు ఆ రోజు దాకా తట్టలేదు! మాలపల్లె, పెద్దవూరు అని రెండుగా బతికే వూళ్ళలో "అన్నదమ్ముల్లా వుండాలి" అని రాజ్యాంగం పీఠికలోనే రాసిపెట్టిందంటే అది ఎంత పెద్ద మాట! దాన్ని పలకలేని మాటగా చేసి అటక మీద పెట్టాం. తర్వాత అంబేద్కర్ రచనలు చదివితే ఇంకో మలుపు తెలిసింది. తన తత్త్వంలోని ఈ మూడు మాటలనూ ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుడి బోధల నుంచి తీసుకున్నానని ఆయన 1954 ఆకాశవాణి ప్రసంగంలో చెప్పారు. అంటే ఇంటి మాటను వెతుక్కోవడానికి నేను పారిస్ దాకా చుట్టు తిరిగాను. తిరగకపోతే అసలు వెతికేవాణ్ణే కాదు.

రూసో సంగతీ అంతే. 1762 నాటి "సామాజిక ఒడంబడిక"లో ఆయన రెండు మాటలను వేరుచేస్తాడు. ఒకటి అందరి ఇష్టాల మొత్తం. రెండోది అందరి మేలూ కోరే ఉమ్మడి ఇష్టం. గైడు పుస్తకాల్లో రెండూ కలిసిపోయి నాకెప్పుడూ గందరగోళంగా వుండేది. ఫ్రెంచిలో నాలుగు వాక్యాలు కూడబలుక్కుని చదివాక మా చావిడి గుర్తొచ్చింది. రోడ్డు కావాలని అందరికీ వుంది. నా చేలోంచి మాత్రం వద్దని కూడా అందరికీ వుంది. ఈ ఇష్టాలన్నీ కూడితే రోడ్డు రాదు. వూరికి ఏ దారి మేలని కలిసి కూచుని తేల్చుకుంటే వస్తుంది. అలా కూచోవడానికి నోటీసు ముందు అర్థం కావాలి. మళ్ళీ అక్కడికే వచ్చాను చూడండి.

7. ఏ భాష? ఎట్లా?

ఏ భాష నేర్చుకోవాలని విద్యార్థులు నన్నడుగుతుంటారు. నా జవాబు ఇది: ఇంగ్లీషు తప్పదు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం పార్లమెంటు వేరే ఏర్పాటు చేసేదాకా సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారం ఇంగ్లీషులో. దాని తర్వాత మీ బతుకు ఎటు పోతుందో అటు చూసి ఎంచుకోండి. ఢిల్లీ రాజకీయం మీద పనిచేయాలంటే హిందీ. మన కచేరీల పాత మాటలు, దక్కను చరిత్ర కావాలంటే ఉర్దూ. కంభంలో నేర్పే మిత్రుడు మీ బెంచీలోనే వుంటాడు, ఫీజు టీ మాత్రమే. అంతర్జాతీయ వ్యవహారాలంటే ఫ్రెంచో స్పానిషో. హైదరాబాదులోని ఇఫ్లూ వంటి సంస్థ ఈ భాషల కోసమే వుంది. 2023–24లో మన డిగ్రీలో ఒక మేజరు, ఒక మైనరు పద్ధతి వచ్చింది. రాజనీతి పక్కన భాషను పెట్టుకునే వీలు ఇప్పుడుందేమో మీ కాలేజీలో కనుక్కోండి.

పద్ధతి కూడా చెబుతాను. డబ్బు ఖర్చు లేదు.

ఒకటి. ఒక నోటుబుక్కులో పేజీకి మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో పుస్తకం తెలుగు మాట, మూడో గడిలో మీ అమ్మకు చెప్పేటప్పుడు వాడే మాట. మూడో గడి ఖాళీగా వుంటే ఆ పాఠం మీకు ఇంకా రాలేదన్నమాట.

రెండు. వారానికి ఒక రాజ్యాంగ అధికరణం రెండు భాషల్లో పక్కపక్కన పెట్టుకుని చదవండి. తేడా కనిపించినచోట ఆగండి. అక్కడే రాజనీతి వుంది.

మూడు. నెలకొక ప్రభుత్వ ఉత్తర్వు గానీ నోటీసు గానీ తీసుకుని మీ వూరి తెలుగులో రాసి, ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. వాళ్ళు "అంటే మనమేం చేయాల?" అని అడిగితే మీరు పాసు. "బాగుంది నాయనా" అని వూరుకుంటే ఫెయిలు.

నాలుగు. మాట్లాడేటప్పుడు తప్పులకు సిగ్గుపడవద్దు. నవ్వినవాళ్ళు రెండు రోజులు నవ్వుతారు, భాష జన్మంతా వుంటుంది.

ఫోనులోనే తర్జుమా వచ్చేస్తోంది గదా, ఈ శ్రమంతా ఎందుకని మీరడగవచ్చు. వాడండి, నేనూ వాడుతున్నాను. కాని "ఇంటరెస్టెడ్" అనే మాటకు అది కూడా "ఆసక్తి గల" అని ఇచ్చిందనుకోండి, తప్పని పట్టుకునేవాడు ఒకడుండాలి గదా! పట్టుకోవాలంటే ఆ మనిషికి రెండు భాషలూ తెలియాలి, చట్టమూ తెలియాలి.

ఇప్పుడు మన ప్రాంతంలో కాగితాలు తక్కువేం లేవు. వెలిగొండ కింద భూములు, ఇళ్ళు పోయినవాళ్ళ పరిహారం కాగితాలు, నీళ్ళలో ఫ్లోరైడు మీద పరీక్షల నివేదికలు, పింఛన్లు, పాసు పుస్తకాలు. చావిడి గోడకు బదులు సెల్‌ఫోనుకు వస్తున్నాయేమో గాని, వాటి ముందు నిలబడి తికమకపడే నాయనలు అలాగే వున్నారు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ ట్రంకు పెట్టెలోనో దూలం సందులోనో దాచిన అలాంటి కాగితం ఒకటి తీసి చదవండి. అర్థం కాకపోతే నా దగ్గరికి తీసుకురండి. ఇద్దరం కలిసి చదువుదాం.

మా నాయన ఇప్పుడు లేడు. రోడ్డు మాత్రం వుంది, దాని మీదే బస్సెక్కి ఈ కాలేజీకి వచ్చాను. రోడ్డు మీద కోపం లేదు. ఆ ముప్పయి రోజుల మీదే వుంది.

మీ అందరికీ పరీక్షల్లో జయం కలగాలని కోరుతూ,

ఒక పూర్వ విద్యార్థి, రాజనీతి శాస్త్ర విశ్రాంత ఉపన్యాసకుడు